శస్త్రచికిత్స ముగిసింది, నొప్పి మిగిలింది

వెన్నెముకకు ఆపరేషన్ జరిగి నెలలు గడిచినా నడుమూ కాలూ బాధిస్తూనే ఉంటే, లోపం ఎక్కడ ఉన్నట్లు? మళ్ళీ కత్తికి లొంగవలసిందేనా?

పుదుచ్చేరి పట్టణం నుంచి దిండివనం వైపు సాగే రహదారి మీద గోరిమేడు అనే ప్రాంతం ఉంది. జవహర్‌లాల్ పేర వెలసిన స్నాతకోత్తర వైద్య విద్యా పరిశోధన సంస్థ అక్కడిదే. అంత పొడుగు పేరును ఎవరూ పలకరు. తమిళులకూ తెలుగువారికీ కూడా అది జిప్మర్. ఉదయం పూట బస్సులు దిగిన జనం అక్కడ బారులు తీరుతారు. వెన్నునొప్పితో వచ్చినవారిని ఆ గుంపులో పోల్చుకోవడం కష్టం కాదు. బెంచీ మీద చోటున్నా వారు కూర్చోరు. ఒక కాలి మీద బరువు మోపి, రెండవ కాలిని కొంచెం వంచి, గోడకు చెయ్యి ఆనించి నిలబడతారు. చంకలో ఫిల్ములున్న పెద్ద కవరు ఉంటుంది.

వారిలో ఒకరిని పాఠకులు ఊహించుకోవచ్చు. ఆయన యానాం వాస్తవ్యుడు. యానాం పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో భాగమే అయినా పుదుచ్చేరి పట్టణానికి 800 కిలోమీటర్లకు పైబడిన దూరంలో, కాకినాడకు చేరువగా, గోదావరి పాయ ఒడ్డున ఉంది. చుట్టూ ఉన్నది ఆంధ్రప్రదేశ్. ఏడాది కిందట ఆయనకు నడుములో డిస్కు జారింది. పిరుదు నుంచి మడమ దాకా ఎడమ కాలు జివ్వున లాగేది. ఒక ఆసుపత్రిలో ఆపరేషన్ చేయించుకొన్నాడు. మత్తు దిగి కళ్ళు తెరిచేసరికి కాలి నొప్పి లేదు. ఇంట్లోవారు మొక్కులు తీర్చుకొన్నారు. నాలుగు నెలలు తిరిగేసరికి నొప్పి మళ్ళీ తలుపు తట్టింది. పరీక్షలన్నీ చూసి, ‘ఆపరేషన్ సక్రమంగానే జరిగింది’ అన్నారు. ఆ మాట ఆయనకు ఊరట కలిగించకపోగా కొత్త భయం పుట్టించింది. అంతా సక్రమంగా ఉంటే ఈ మంట ఏమిటి? తన మనసే తనను మోసగిస్తున్నదా? ఇంట్లోవారి చూపులలో కూడా క్రమంగా అదే అనుమానం కదలసాగింది.

ఈ చిత్రం ఏ ఒక్కరిదీ కాదు. అయినా వెన్నెముక శస్త్రచికిత్స చేసే ఏ పెద్ద ఆసుపత్రికైనా ఇటువంటి రోగి సుపరిచితుడే. ఆపరేషన్ తరువాత కూడా నొప్పి నిలిచిపోయేవారు నూటికి పదిమంది నుంచి నలభైమంది దాకా ఉంటారని వేర్వేరు పరిశీలనలు పేర్కొన్నాయి. అంకెలలో ఇంత తేడా ఉండడానికి కారణం ఉంది. ఏ శస్త్రచికిత్సను లెక్కలోకి తీసుకొన్నారు, ఎంత నొప్పిని నొప్పిగా పరిగణించారు అన్న దానిని బట్టి సంఖ్య మారిపోతుంది. కనిష్ఠ సంఖ్యనే తీసుకొన్నా అది స్వల్పమేమీ కాదు.

చాలాకాలం వైద్యులు ఈ స్థితిని ‘విఫలమైన వెన్ను శస్త్రచికిత్స’ అనే పేరుతో వ్యవహరించారు. ఆ పేరులోనే ఒక నేరారోపణ ఉంది. శస్త్రవైద్యుడో, రోగియో, ఎవరో ఒకరు ముద్దాయి కావాలి. నిజానికి చాలా సందర్భాలలో ఆపరేషన్ తలపెట్టిన పని తాను చేసే ఉంటుంది. అందుచేత 2021లో నొప్పి నిపుణుల బృందమొకటి ఆ పేరును విడిచిపెట్టి, వెన్నెముకలో నిలిచిపోయిన నొప్పి అనే అర్థం వచ్చే కొత్త పేరును ప్రతిపాదించింది. పేరు మారినంత మాత్రాన నొప్పి తగ్గదు గాని, ‘ఎవరిది తప్పు’ అన్న ప్రశ్న వెనుకకు పోయి ‘నొప్పి ఎక్కడి నుంచి వస్తున్నది’ అన్న ప్రశ్న ముందుకు వస్తుంది. రోగికి కావలసినది ఈ రెండవ ప్రశ్నే.

ఒక సెనేటరు వెన్నెముక

డబ్బు లేకపోవడం వల్లనే ఇటువంటి అవస్థ వస్తుందనీ, గొప్ప వైద్యుడు దొరికితే రాదనీ అనుకొనేవారు అమెరికాలో జరిగిన ఒక కథ వినవలసి ఉంటుంది. 1954 నవంబరు 1న పుదుచ్చేరి, కారైక్కాల్, మాహే, యానాంల పరిపాలన ఫ్రెంచివారి చేతి నుంచి భారత ప్రభుత్వానికి వచ్చింది. సరిగా ఆ రోజులలోనే న్యూయార్కు ఆసుపత్రిలో 37 సంవత్సరాల సెనేటరు ఒకరు మృత్యువుతో పెనుగులాడుతున్నాడు. ఆయన పేరు జాన్ ఫిట్జెరాల్డ్ కెన్నెడీ.

కెన్నెడీ నడుముకు మొదటి శస్త్రచికిత్స 1944 జూన్‌లో జరిగింది. చెదిరిన డిస్కు దొరుకుతుందని వైద్యులు ఆశించారు. తెరిచి చూస్తే, వారనుకొన్నంత స్పష్టమైన దోషం కనిపించలేదు. లేచి నడవబోయేసరికి నడుము కండరాలు బిగుసుకుపోయి ఆయనను మరింత వేధించాయి. పదేళ్ళ తరువాత, 1954 అక్టోబరు 21న, వెన్నెముక అడుగు భాగాన్ని కదలకుండా బిగించడానికి లోహపు పలక అమర్చారు. ఆయనకు అడ్రినల్ గ్రంథుల లోపం వలన కలిగే అడిసన్స్ వ్యాధి కూడా ఉండడంతో ఆ ఆపరేషన్ ప్రాణాపాయకరమని ముందే తెలుసు. గాయం చీముపట్టింది. ఆయన స్పృహ కోల్పోయాడు. కాథలిక్ మతాచారం ప్రకారం అంత్యకాల సంస్కారాలు కూడా జరిపారు. ఎలాగో బతికి బయటపడ్డాడు. 1955 ఫిబ్రవరిలో ఆ పలకను మళ్ళీ ఆపరేషన్ చేసి తీసివేశారు. 1957లో వీపులోని చీముగడ్డకు నాలుగవ శస్త్రచికిత్స జరిగింది.

మంచం పట్టిన ఆ నెలలలోనే ‘ప్రొఫైల్స్ ఇన్ కరేజ్’ అనే గ్రంథం రూపుదిద్దుకొన్నది. అది 1956లో వెలువడి, మరుసటి ఏడాది పులిట్జర్ బహుమతి పొందింది. అందులో సహాయకుడు సోరెన్‌సెన్ చేతివ్రాత ఎంత అన్న తగవు సాహిత్యలోకంలో వేరే ఉంది. వెన్నెముకకు మాత్రం నాలుగు ఆపరేషన్ల తరువాత కూడా సుఖం లేదు. నాటి అమెరికాలో దొరకగల శ్రేష్ఠమైన చికిత్స అందినా ఫలితం అది.

1955లో జానెట్ ట్రావెల్ అనే వైద్యురాలు ఆయన చికిత్స చేపట్టింది. కండరాలలో ముడిపడిన చోట్ల ఆమె మత్తు సూదిమందు ఇచ్చేది. తరువాత లోకప్రసిద్ధమైన ఆ ఊగే కుర్చీని సూచించినది కూడా ఆమెయే. సూదిమందు గంటలో, రోజులో ఉపశమనం ఇచ్చేది, అంతే. 1961 మే నెలలో కెనడా పర్యటనలో మొక్క నాటుతూ పార పట్టి వంగినప్పుడు నడుము మళ్ళీ పట్టేసింది. ఆ ఏడాది అక్టోబరులో హాన్స్ క్రౌస్ అనే వైద్యుణ్ణి పిలిపించారు. క్రౌస్ ఆస్ట్రియాలో జన్మించినవాడు, పేరుమోసిన పర్వతారోహకుడు. ఆయన చూసినది పూసలను కాదు, వాటిని మోసే కండరాలను. ఏళ్ళ తరబడి వాడుక లేక పొట్ట, వీపు, తొడ కండరాలు బలహీనమై బిగుసుకుపోయాయని తేల్చి, శ్వేతసౌధంలోనే క్రమబద్ధమైన వ్యాయామం ఆరంభించాడు. కొద్ది నెలలలో మార్పు కనిపించింది. కెన్నెడీకి సంపూర్ణ స్వస్థత లభించలేదు. 1963లో డల్లాస్‌లో కాల్పులకు గురైన నాడు కూడా ఆయన ఒంటి మీద నడుముపట్టీ ఉంది. అయినా నాలుగు శస్త్రచికిత్సల వలన కలగని మేలు కొంత ఆ కసరత్తు వలన కలిగిందని వైద్య చరిత్రకారులు రాశారు.

డిస్కు చేసే అల్లరి

పిరుదులో పుట్టి తొడ, మోకాలు, పిక్క, పాదాల మీదుగా దిగే నొప్పిని చరకుడు గృధ్రసి అన్నాడు. గృధ్రం అంటే గద్ద. ఆ పేరు రోగి నడకను బట్టి వచ్చిందంటారు. ఐరోపాలో 1764లో నేపుల్స్ వైద్యుడు కొటున్యో ఇది తుంటి కీలు రోగం కాదనీ, తొడ వెనుకగా పోయే పెద్ద నరానికి సంబంధించినదనీ విడమరచి చెప్పాడు. పారిస్‌కు చెందిన లాసెగ్ పేర ప్రసిద్ధి పొందిన పరీక్షను ఆయన శిష్యుడు 1881లో వర్ణించాడు. రోగిని వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు వంచకుండా కాలిని పైకెత్తితే ఆ నరం లాగి నొప్పి పుడుతుంది. 1823లోనే ఫ్రెంచి వైద్య పాఠశాల వెలసిన పుదుచ్చేరిలో లాసెగ్ పేరు కొత్తది కాదు. నేటికీ జూనియర్ డాక్టరు రోగి కాలు ఎత్తి చూసేది ఆ పరీక్ష కొరకే.

అయితే ఆ నరాన్ని నొక్కుతున్నదేమిటి? సమాధానం 1934లో దొరికింది. అమెరికాలోని బోస్టన్ నగరానికి చెందిన మిక్స్‌టర్, బార్ అనే వైద్యులు పందొమ్మిది మంది రోగుల వివరాలతో ఒక వ్యాసం ప్రకటించారు. పూసల మధ్య మెత్తగా ఉండే డిస్కు పగిలి, అందులోని పదార్థం వెనుకకు పొడుచుకొని వచ్చి నరాల మూలాన్ని నొక్కుతుందని వారు నిరూపించారు. అంతకు మునుపు శస్త్రవైద్యులు ఆ ముక్కలను కంతులని భ్రమించేవారు. ఆ వ్యాసంతో వెన్నెముక శస్త్రచికిత్సలో కొత్త యుగం మొదలైంది. అదే ఊపులో, నడుము పట్టిన ప్రతివాడికీ డిస్కే దోషి అన్న నమ్మకం కూడా పాతుకుపోయింది.

రోగులు తప్పక తెలుసుకోవలసిన విషయం ఒకటి ఇక్కడ ఉంది. జారిన డిస్కు ముక్కను తీసివేసే ఆపరేషన్ ముఖ్యంగా కాలి నొప్పికి చేసేది. నరం మీది ఒత్తిడి తొలగిపోతుంది గనుక కాలు తేలికపడుతుంది. అరిగిన డిస్కు, సడలిన కీళ్ళు, నీరసించిన కండరాలు మాత్రం అలాగే ఉంటాయి. అందుచేత నడుము నొప్పి పూర్తిగా పోతుందన్న హామీ ఆ ఆపరేషన్‌కు లేదు. ‘నొప్పి పోతుంది’ అని వైద్యుడు కాలిని ఉద్దేశించి అంటాడు, రోగి నడుముతో సహా విన్నట్లు తలుస్తాడు. సగం అసంతృప్తి ఈ ఒక్క మాట దగ్గరే పుడుతున్నదంటే అతిశయోక్తి కాదు.

ఫిల్ము మీద నమ్మకానికి కూడా హద్దు ఉంది. నడుము నొప్పి ఎరుగని 98 మందికి ఎం.ఆర్.ఐ. తీసి, ఫలితాలను 1994లో అమెరికాలో ప్రకటించారు. వారిలో సగానికి పైగా, అంటే నూటికి 52 మందికి, ఏదో ఒక డిస్కు ఉబ్బి ఉంది. నూటికి 27 మందికి ఆ ఉబ్బు మరింత పొడుచుకొని వచ్చింది. వారికి ఏ బాధా లేదు. కాబట్టి ఫిల్ములో కనిపించిన ప్రతి వంకరా నొప్పికి కారణమని తీర్మానించడం తొందరపాటు. మొదటి ఆపరేషన్‌కు ముందు ఎంతో, రెండవ ఆపరేషన్‌కు ముందు ఈ మాట అంతకు రెట్టింపు వర్తిస్తుంది.

నొప్పిని ప్రశ్నించడం

ఆపరేషన్ తరువాత నొప్పితో వచ్చినవారిని అనుభవజ్ఞుడైన వైద్యుడు ముందుగా అడిగేది, నొప్పి లేకుండా ఎన్నాళ్ళు గడిచిందని. ఈ ప్రశ్న విలువ కొన్నిసార్లు ఖరీదైన పరీక్షల కంటె ఎక్కువ.

ఒక్క రోజు కూడా తెరిపి ఇవ్వలేదంటే, అసలు రోగనిర్ణయమే మళ్ళీ చూడవలసి ఉంటుంది. తుంటి కీలు, నడుముకూ కటి ఎముకకూ మధ్య ఉన్న కీలు కూడా డిస్కు నొప్పిని అనుకరించగలవు. ఒత్తిడి పూర్తిగా తొలగకపోయి ఉండవచ్చు, లేదా పక్క పూస దగ్గర మరొక ఒత్తిడి ఉండవచ్చు. నరం అప్పటికే దెబ్బతిని ఉండే అవకాశం కూడా ఉంది. తలుపు సందులో చాలాసేపు నలిగిన వేలు, తలుపు తీసిన మరుక్షణమే బాగుపడదు కదా!

కొన్ని వారాలు బాగుండి, జ్వరంతో, రాత్రిళ్ళు నిద్రపట్టనివ్వని నడుము నొప్పి మొదలైతే డిస్కు చోట చీము చేరిందేమోనని అనుమానించాలి. రక్తపరీక్షలు వెంటనే చేయించాలి. కొన్ని వారాలో నెలలో సుఖంగా గడిచి, ఒకనాడు హఠాత్తుగా అదే కాలిలో అదే దారిన నొప్పి దిగితే, మిగిలిన డిస్కు నుంచి మరొక ముక్క జారి ఉండవచ్చు. ఆపరేషన్‌లో డిస్కునంతటినీ తీయరు, చెదిరిన భాగాన్నే తీస్తారు. అందువల్ల నూటికి అయిదు నుంచి పదిహేను మందిలో ఇది మళ్ళీ జారుతుందని అంచనా. యానాం వాస్తవ్యుని వంటివారి విషయంలో మొదట పరిశీలించవలసినది దీనినే.

నొప్పి ఒక్కసారిగా కాక నెలల మీద మెల్లగా అల్లుకొంటూ వస్తే, దృష్టి మచ్చ మీదికి మళ్ళుతుంది. చర్మం మీద గాయం మానినచోట మచ్చ ఏర్పడినట్లే లోపల కూడా నరం చుట్టూ నారవంటి కణజాలం పెరుగుతుంది. అది నరాన్ని పట్టి ఉంచి, కదిలినప్పుడల్లా లాగవచ్చు. కొత్తగా జారిన ముక్క ఏదో, మచ్చ ఏదో మామూలు ఫిల్ములో తేడా తెలియదు. రక్తనాళంలోకి గడోలినియం అనే మందు ఎక్కించి ఎం.ఆర్.ఐ. తీస్తే మచ్చ వెలుగుతుంది, ముక్క వెలగదు. అయితే ఏ నొప్పీ లేనివారిలో కూడా ఇటువంటి మచ్చ ఉంటుంది. కనుక మచ్చ కనిపించడమే తీర్పు కాదు. పైగా దానిని కోసి తీస్తే ఆ చోటనే కొత్త మచ్చ మొలుస్తుంది.

ఏళ్ళు గడిచాక వచ్చే నొప్పికి వేరే కారణాలుంటాయి. పూసలను బిగించినవారిలో ఆ భారం పైపూస మీద పడి అది అరగవచ్చు. వయసుతో వెన్నునాళం ఇరుకై, నాలుగడుగులు నడవగానే కాళ్ళు బరువెక్కి, వంగి కూర్చుంటే సర్దుకోవచ్చు. పొగతాగేవారిలో బిగించిన ఎముకలు సరిగా అతుకుకోకపోవడం కూడా కద్దు.

రెండవ ప్రశ్న నొప్పి స్వభావం గురించి. మంట, చీమలు పాకినట్లుండడం, బట్ట తగిలితే భరించలేకపోవడం, కరెంటు షాకు కొట్టినట్లు జివ్వుమనడం నరం దెబ్బతిన్న గుర్తులు. ఇక్కడే మన యానాం వాస్తవ్యుని సందేహానికి సమాధానం ఉంది. 1965లో మెల్‌జాక్, వాల్ అనే శాస్త్రజ్ఞులు వెన్నుపాములో నొప్పి సంకేతాలకు ఒక ద్వారం వంటి ఏర్పాటు ఉన్నదని సిద్ధాంతీకరించారు. ఆ సిద్ధాంతంలో కొన్ని వివరాలు తరువాత సవరించవలసి వచ్చినా మూలభావం నిలిచింది. నొప్పి తీగ వెంట వచ్చే వార్త మాత్రమే కాదు; దారిలో దానిని పెంచే, తగ్గించే యంత్రాంగం ఉంది. చాలాకాలం ఒత్తిడికి గురైన నరవ్యవస్థ, ఒత్తిడి పోయాక కూడా పాత సంకేతాలనే పంపుతూ ఉండగలదు. ఫిల్ము శుభ్రంగా ఉండి రోగి విలవిలలాడడం అసాధ్యమేమీ కాదు. అతడు నటించడం లేదు, పిచ్చివాడూ కాడు.

మళ్ళీ కత్తి ఎప్పుడు?

ముక్క మళ్ళీ జారి, నొప్పి ఉన్న దారికీ ఫిల్ములోని దోషానికీ పొత్తు కుదిరితే రెండవ ఆపరేషన్ బాగానే పనిచేస్తుంది. చీము ఉన్నా, పూస జారి నిలకడ తప్పినా అవసరం కావచ్చు. ఇటువంటి స్పష్టమైన లక్ష్యం లేకుండా ‘తెరిచి చూద్దాం’ అనుకొంటే ఫలితం నిరాశాజనకం. ఆపరేషన్ల సంఖ్య పెరిగినకొద్దీ మేలు కలిగే అవకాశం తగ్గుతూ పోతుందన్నది శస్త్రవైద్యులే ఒప్పుకొనే సంగతి.

కత్తి లేని చికిత్స అంటే ‘ఇక చేయగలిగింది లేదు’ అని అర్థం కాదు. నరపు మంటకు మామూలు నొప్పి మాత్రలు అంతగా పనిచేయవు. అమిట్రిప్టిలిన్, గబాపెంటిన్ వంటి మందులు వేరే ఉన్నాయి. వీటిలో కొన్ని మనోవ్యాధులకూ మూర్ఛకూ కూడా వాడేవి కావడం వలన, చీటీ చదివిన మందుల దుకాణం వారి మాటకు బెదిరి మానివేసే రోగులు కనిపిస్తారు. నరం దగ్గర ఇచ్చే స్టెరాయిడ్ సూదిమందు కొందరికి కొన్ని వారాలు ఊరటనిస్తుంది. ఆ వ్యవధిని విశ్రాంతికి కాక వ్యాయామానికి వినియోగించుకొన్నవారికి లాభం ఎక్కువ.

వ్యాయామమంటే ఒక్క రోజులో చేసే సాహసం కాదు. ఫిజియోథెరపిస్టు చూపిన మేరకు పొట్ట, వీపు కండరాలను కొంచెం కొంచెంగా బలపరచుకోవాలి. నొప్పి లేని రోజున అతిగా చేసి, మరునాడు మంచం ఎక్కడం ఇటువంటి రోగులలో సర్వసాధారణమైన పొరపాటు. గడియారం చూసి నడవాలి గాని నొప్పిని చూసి కాదు. పుదుచ్చేరి వాసులకు ఈ విషయంలో ఒక అదృష్టం ఉంది. సముద్రతీరపు గౌబెర్ వీథిలోకి సాయంత్రం నుంచి మరునాటి ఉదయం దాకా వాహనాలను రానివ్వరు. చదునైన దారి, అలసినప్పుడు ఆగడానికి అడ్డుగోడ. పది నిమిషాల నడకతో మొదలుపెట్టి వారానికి కొంత పెంచుకోగోరేవారికి ఇంతకంటె ఏమి కావాలి?

ఇవన్నీ విఫలమై, నొప్పి ముఖ్యంగా కాలిలోనే నిలిచినవారికి మరొక మార్గం ఉంది. 1967లో అమెరికన్ శస్త్రవైద్యుడు నార్మన్ షీలీ వెన్నుపాము వెనుక సన్నని విద్యుత్ తీగ అమర్చి, స్వల్ప విద్యుత్తుతో నొప్పి సంకేతాలను అణచే ప్రయత్నం చేశాడు. మెల్‌జాక్, వాల్‌ల ద్వారానికి తలుపు వేయడమే ఆయన ఉద్దేశం. ఆ పద్ధతి తరువాత ఎంతో మెరుగుపడింది. 2007లో ప్రకటించిన ఒక పరిశీలనలో వంద మంది రోగులను రెండు జట్లుగా విభజించారు. ఆరు నెలల తరువాత, కాలి నొప్పి సగానికి సగం తగ్గినవారు ఈ పరికరం అమర్చిన జట్టులో నూటికి 48 మంది, సాధారణ వైద్యచికిత్స మాత్రమే పొందిన జట్టులో నూటికి 9 మంది. సగానికి పైగా రోగులకు పరికరం వల్ల కూడా అంత మేలు కలగలేదన్నది అదే లెక్కలో కనిపించే రెండవ సత్యం. మన దేశంలో దీని ఖరీదు లక్షలలో ఉంటుంది. అందుకే ముందుగా తాత్కాలికంగా తీగ అమర్చి కొన్నాళ్ళు పరీక్షించి చూస్తారు.

ఒక హెచ్చరిక మాత్రం అన్నిటికంటె ముఖ్యం. రెండు కాళ్ళలోనూ బలం తగ్గుతున్నా, పాదం వేలాడిపోతున్నా, మర్మావయవాల చుట్టూ స్పర్శ పోయినా, మూత్రం బిగిసిపోయినా, మలమూత్రాల మీద అదుపు తప్పినా ఇక వేచి చూడరాదు. అది నరాల గుత్తి మొత్తంగా నలుగుతున్నదనడానికి గుర్తు. గంటలు లెక్కపెట్టుకొని ఆసుపత్రి చేరవలసిన పరిస్థితి.

మిగిలినవారు వైద్యుణ్ణి చూడబోయేటప్పుడు కొత్త ఫిల్ములతో పాటు పాత ఆపరేషన్ వివరాల కాగితాన్ని వెదకి తీసుకొనిపోవడం మంచిది. ఏ పూసల మధ్య, ఏ వైపున, ఏమి తీశారు, పొర చిరిగిందా, లోహం ఏదైనా బిగించారా అన్న సంగతులు అందులోనే ఉంటాయి. ఆసుపత్రి విడిచేటప్పుడు ఇచ్చే సారాంశపత్రంలో అవి ఒక్కొక్కప్పుడు ఒక్క వాక్యానికి కుదించుకుపోతాయి. కనుక పూర్తి నకలు అడిగి పుచ్చుకోవాలి. ఆపరేషన్‌కు ముందు తీసిన పాత ఫిల్ములు కూడా విలువైనవే. చాలామంది వాటిని పనికిరానివని పారవేస్తారు. కొత్తవాటిని పోల్చి చూడవలసింది వాటితోనే.

గోరిమేడులో వరుస కదిలి యానాం వాస్తవ్యుని వంతు వచ్చిందనుకొందాం. ఆయన ఆదుర్దాగా కవరు విప్పబోతాడు. బల్లకు అవతల ఉన్న వైద్యుడు దానిని పక్కన పెట్టమని సైగ చేసి, ఆపరేషన్ జరిగాక మొదటిసారి నొప్పి తెలిసిన రోజు ఏదో, అప్పుడు ఏమి చేస్తున్నాడో చెప్పమని అడుగుతాడు.